దవాఖానాలో దీన్: సంతకం పెట్టేముందు మన ఇళ్లలో తెలియాల్సిన సంగతులు

మఠంపల్లిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ముందు గుర్తొచ్చేది ఊళ్లో ఆర్ఎంపీ. తగ్గకపోతే హుజూర్‌నగర్. అక్కడ కాదంటే కోదాడ, మిర్యాలగూడ, లేకపోతే సూర్యాపేట మెడికల్ కాలేజీ దవాఖానా. అక్కడి నుంచి కూడా రాసి పంపిస్తే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ. కొందరు విజయవాడ వెళ్తారు. ఊరు మారినకొద్దీ డాక్టరు మారతాడు, ఖర్చు పెరుగుతుంది. అయితే ప్రతిచోటా ఒక కాగితం తెచ్చి ముందు పెడతారు, "ఇక్కడ సంతకం చేయండి" అంటారు.

ఆ కాగితం ఆపరేషన్‌ది కావొచ్చు, వెంటిలేటర్‌ది కావొచ్చు, అవయవదానానిది కావొచ్చు. "మా ఇష్టంతోనే ఇంటికి తీసుకెళ్తున్నాం" అని రాసిచ్చేది కూడా కావొచ్చు. అప్పటికప్పుడు ఇంట్లో ఒకరు "ఇది జాయిజేనా?" అంటారు. ఇంకొకరు "ముందు ప్రాణం చూడండి" అంటారు. మూడో మనిషి ఫోన్‌లో ఎవరో పంపిన వాట్సాప్ మెసేజ్ చూపిస్తాడు. డాక్టరుకేమో టైం లేదు.

ఇలాంటి విషయాల్లో షరీఅత్ ఏమంటుంది, మన దేశ చట్టం ఏమంటుంది అని పక్కపక్కన పెట్టి చూస్తే చాలాచోట్ల రెండూ ఒకేవైపు ఉంటాయి. కొన్నిచోట్ల ఉలమాల్లోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఏది ఎక్కడుందో ముందే తెలిస్తే, అర్ధరాత్రి ఐసీయూ బయట నిలబడి గొడవపడే పరిస్థితి రాదు. ఇది ఫత్వా కాదు. మీ ఇంటి పరిస్థితికి తగ్గ జవాబు మీరు నమ్మే ఆలిమ్‌నే అడగాలి. ఏం అడగాలో తెలియడానికి ఈ వ్యాసం.

తెలియకపోతే అడగడమే మందు

అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒకాయన తలకు రాయి తగిలి గాయమైంది. తర్వాత ఆయనకు గుస్ల్ చేయాల్సిన అవసరం పడింది. "నాకు తయమ్ముమ్ సరిపోతుందా?" అని తోటివాళ్లను అడిగాడు. నీళ్లున్నాయి కాబట్టి సరిపోదు అన్నారు వాళ్లు. ఆయన స్నానం చేశాడు, చనిపోయాడు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా కోపగించుకున్నారు. ఆయన చావుకు ఆ సలహా ఇచ్చినవాళ్లనే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు అడగడమే అజ్ఞానానికి మందు అన్నారు.

సలహా చెప్పినవాళ్ల నియ్యత్ చెడ్డది కాదు. దీన్ మీద ప్రేమతోనే చెప్పారు. కానీ రోగి పరిస్థితి చూడలేదు, తెలిసినవాళ్లను అడగలేదు. ఈరోజు "ఆ ఇంజెక్షన్ వద్దు, ఆ డాక్టరు వద్దు" అని అడ్డం పడే మన పెద్దవాళ్లకు కూడా ఈ హదీసు వర్తిస్తుంది.

జబ్బుకు వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) స్వయంగా చెప్పారు. ముసలితనానికి తప్ప అల్లాహ్ ప్రతి జబ్బుకూ మందు పెట్టాడన్న మాట హదీసుల్లో ఉంది. మదీనాలో మస్జిదె నబవీ దగ్గర గుడారం వేసి గాయపడ్డవాళ్లకు సేవ చేసిన రుఫైదా అస్లమియ్యా (ర) పేరు చరిత్రలో నిలిచింది. మన హైదరాబాద్‌నే చూడండి. చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆ నగరంలోనే 1595లో దారుష్‌షిఫా కట్టించాడు. అంటే ఊరితోపాటే దవాఖానా కూడా లేచింది.

మా వైపు జాన్‌పహాడ్ సైదులు దర్గాకు వెళ్లి దుఆ చేయించుకునేవాళ్లు చాలామంది, అన్ని మతాలవాళ్లూ వస్తారు. దుఆ దుఆయే, మందు మందే. ఒకటి చేస్తే ఇంకొకటి మానాలని ఎక్కడా లేదు. మూర్ఛ వచ్చిన పిల్లాడినో, పాము కరిచినవాడినో ముందు దవాఖానాకు తీసుకెళ్లాలి. దుఆ దారిలో కూడా చేయొచ్చు.

ఇంకో సంగతి. వైద్యం నేర్చుకోకుండా వైద్యం చేసినవాడు, దానివల్ల జరిగే నష్టానికి బాధ్యుడని కూడా హదీసు ఉంది. సెలైన్ పెట్టి, ఏ మందో చెప్పకుండా సూది వేసే ప్రతిచోటా ఈ మాట గుర్తు చేసుకోవాలి.

ఒప్పుకోవాల్సింది ఎవరు?

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇది. పేషెంటు అమ్మీ. మాట్లాడేది పెద్దకొడుకు, సంతకం పెట్టేది అల్లుడు, డబ్బు తెచ్చేది తమ్ముడు. ఆమెకు ఏ జబ్బో ఆమెకు తప్ప అందరికీ తెలుసు. "చెప్తే తట్టుకోలేదు" అంటారు.

ఇస్లామీ సహకార సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ 1992లో జిద్దాలో వైద్యం గురించి తీర్మానం చేసింది. రోగికి తెలివి, అర్హత ఉన్నప్పుడు ఆ రోగి అనుమతి ఉండాల్సిందే అన్నది. చిన్నపిల్లలకు, స్పృహ లేనివాళ్లకు వలీ, అంటే సంరక్షకుడు ఒప్పుకోవాలి. ప్రాణాపాయం ఉన్న అత్యవసరంలో ఎవరి అనుమతి కోసమూ ఆగక్కర్లేదు.

మన సుప్రీంకోర్టు మాట కూడా అదే. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో తీర్పు వచ్చింది. ఢిల్లీలో ఒక మహిళ పరీక్ష కోసం క్లినిక్‌కు వెళ్లింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి ఒప్పుకోలు తీసుకుని డాక్టరు గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు వయసొచ్చిన మనిషి తరఫున తల్లి ఒప్పుకున్నా చెల్లదని కోర్టు తేల్చింది. ఒక పరీక్షకు ఇచ్చిన అనుమతి ఇంకో ఆపరేషన్‌కు పనికిరాదని కూడా చెప్పింది.

కాబట్టి మీ అమ్మీ స్పృహలో ఉంటే సంతకం ఆమెది. చదువు రాకపోతే చదివి వినిపించాలి, ఆమెకు అర్థమయ్యే ఉర్దూలోనో తెలుగులోనో చెప్పాలి, తర్వాత వేలిముద్ర. జబ్బు సంగతి మెల్లగా, ఆశ పోగొట్టకుండా చెప్పడం వేరు, అసలు దాచడం వేరు. దాచిపెడితే ఆమె తీర్చాల్సిన బాకీలు, చెప్పాలనుకున్న వసియ్యత్, అడగాలనుకున్న మాఫీ అన్నీ అలాగే మిగిలిపోతాయి. మోమిన్‌కు ఆ టైం చాలా విలువైంది. దాన్ని ప్రేమ పేరుతో మనం లాక్కోకూడదు.

ఆడ పేషెంటు, మగ డాక్టరు

"లేడీ డాక్టరు లేదు, కాన్పుకు రేపు పోదాం" అని ఆగిన ఇళ్లు ఉన్నాయి. దీని మీద అదే ఫిఖ్ అకాడమీ 1993లో బ్రూనైలో ఒక వరస చెప్పింది. ముందు ముస్లిం లేడీ డాక్టరు. లేకపోతే నమ్మకమైన ముస్లిమేతర లేడీ డాక్టరు. ఆమె కూడా లేకపోతే ముస్లిం మగ డాక్టరు. ఆయనా లేకపోతే ముస్లిమేతర మగ డాక్టరు. చూడాల్సినంతే చూడాలి, భర్తో, మహ్రమో, నమ్మకమైన ఆడమనిషో పక్కన ఉండాలి. వరస నాలుగో మెట్టు దాకా ఉంది, గమనించండి. "అయితే వైద్యమే వద్దు" అన్న ఐదో మెట్టు అందులో లేదు.

చట్టం వైపు చూస్తే, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు పంపి అమలు చేయమన్నది. మగ డాక్టరు మహిళను పరీక్షించేటప్పుడు ఇంకో మహిళ గదిలో ఉండాలని అందులో ఉంది. ఇది మన ఒక్కరి కోసం పెట్టింది కాదు, ప్రతి ఆడబిడ్డకూ ఉన్న హక్కు. సిస్టర్‌తో గొడవ పెట్టుకోనక్కర్లేదు. "సిస్టర్, పరీక్షప్పుడు మా అక్క లోపల ఉంటది, పరదా వేయండి" అంటే సరిపోతుంది. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లేటప్పుడు తల కప్పే క్యాప్, నిండు గౌను అడగొచ్చు. మన పద్ధతి నర్సులకు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. చెప్పడం మన పని.

మంచం మీద నమాజు, షుగర్‌తో రోజా

మొలల వ్యాధితో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) నమాజు గురించి అడిగితే, నిలబడి చదవమని, చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని చదవమని ప్రవక్త (స) చెప్పారు. ఇది బుఖారీలో ఉంది. నీళ్లు తగలకూడని గాయం ఉంటే తయమ్ముమ్, కట్టు ఉంటే దాని మీద తడిచేత్తో మసహ్. యూరిన్ పైపు ఉన్నా నమాజు పోదు. ఆ రోగిని ఫిఖ్‌లో మాజూర్ అంటారు, ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుంటే చాలు. మంచం ఖిబ్లా వైపు తిప్పడం కుదరకపోతే ఎటు ఉంటే అటే. మెషిన్ల వైర్లు పీకి మంచం జరపమని ఎవరూ చెప్పలేదు.

రోజా విషయంలో ఇంకా స్పష్టంగా ఉంది. జబ్బుపడ్డవాళ్లకు రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే, అల్ బఖరా సూరాలో ఉంది. తగ్గే జబ్బయితే తర్వాత కజా చేయాలి. ఇక తగ్గదు అనుకున్న దీర్ఘకాలిక జబ్బయితే ఫిద్యా, అంటే ఒక్కో రోజాకు ఒక పేదకు భోజనం. షుగర్ ఉండి రోజా ఉండాలనుకునేవాళ్లు రంజాన్‌కు నెల, రెండు నెలల ముందే డాక్టరును కలిసి మందుల టైం మార్పించుకోవాలి. రోజాలో వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు. షుగర్ 70 కంటే కిందికి పడినా, 300 దాటినా రోజా విప్పేయాలని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య మార్గదర్శకాలు చెప్తున్నాయి. "ఇఫ్తార్‌కు ఇంకో గంటే కదా" అని ఓర్చుకుంటే ఆ గంటలోనే మనిషి కోమాలోకి పోవచ్చు.

బలానికి ఎక్కించే సెలైన్‌లాంటివి కాకుండా చర్మం కిందికి, కండకు, నరానికి వేసే ఇంజెక్షన్లతో రోజా పోదని 1997లో ఫిఖ్ అకాడమీ చెప్పింది. ఆస్తమా ఇన్‌హేలర్, చెవిలో చుక్కలు, డయాలసిస్ విషయంలో మాత్రం ఉలమాల మాటల్లో తేడా ఉంది. హనఫీ ఉలమాల్లో చాలామంది ఇన్‌హేలర్‌తో రోజా పోతుందంటారు. అలాగని ఆయాసం వస్తుంటే ఇన్‌హేలర్ ఆపకండి. ముందు పీల్చుకోండి, కజా సంగతి తర్వాత అడగండి.

హరామ్ పదార్థం ఉన్న మందులు

గుండెపోటుకు, డయాలసిస్‌కు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఇస్తారు. ప్రపంచంలో వాడే హెపారిన్‌లో ఎక్కువ భాగం పంది పేగుల నుంచి వస్తుంది. ఈ మాట ఎవరో చెప్పగానే కొందరు భయపడి వద్దంటారు. ఆకలితో ప్రాణం పోయే స్థితిలో నిషిద్ధం తిన్నా పాపం లేదని ఖుర్ఆన్ చెప్తుంది. దాని మీదే ఫిఖ్‌లో ఒక సూత్రం నిలబడింది: జరూరత్ ఉన్నప్పుడు మనా చేసినవి కూడా అనుమతి అవుతాయి. రెండు షరతులు. హలాల్ మందు దొరక్కూడదు, అవసరం ఉన్నంతకే వాడాలి. కాబట్టి డాక్టరును "దీనికి బదులు వేరే మందు ఉందా?" అని అడగడం మన హక్కు. లేదంటే వాడటం గునా కాదు. ఈరోజు ఇచ్చే ఇన్సులిన్ చాలావరకు ల్యాబుల్లో తయారయ్యే మానవ ఇన్సులినే, దాని గురించి బెంగ అక్కర్లేదు.

కడుపులో బిడ్డకు లోపం ఉందంటే

మక్కాలోని రాబితా ఫిఖ్ కౌన్సిల్ 1990లో ఒక నిర్ణయం చెప్పింది. గర్భానికి 120 రోజులు నిండకముందు, బిడ్డకు చికిత్స లేని తీవ్రమైన లోపం ఉందని నమ్మకమైన నిపుణుల బృందం తేలిస్తే, తల్లిదండ్రులు కోరితే తీయించవచ్చు. 120 రోజులు దాటాక తల్లి ప్రాణానికి ముప్పుంటే తప్ప వీల్లేదు. మన దేశ చట్టంలో 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు, కొన్ని వర్గాలకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు నిర్ణయించవచ్చు. ఆపైన మెడికల్ బోర్డు.

ఇక్కడ లెక్క జాగ్రత్త. డాక్టర్లు ఆఖరి నెలసరి నుంచి వారాలు లెక్కేస్తారు. ఫిఖ్ లెక్క గర్భం నిలిచినప్పటి నుంచి. అంటే 120 రోజులు డాక్టరు లెక్కలో దాదాపు 19 వారాలు. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ సాధారణంగా 18 వారాల తర్వాతే చేస్తారు. "వచ్చే నెల చూద్దాం" అనుకుంటే షరీఅత్ ఇచ్చిన గడువు దాటిపోతుంది. అందుకే 11 నుంచి 13 వారాల స్కాన్ కూడా మానకండి. ఆడబిడ్డా మగబిడ్డా అని అడగడం మాత్రం చట్టం ప్రకారం నేరం, దీన్ ప్రకారం జాహిలియ్యత్.

కడుపులోనే బిడ్డ పోతే, రూపం ఏర్పడిన బిడ్డను గుడ్డలో చుట్టి దఫన్ చేస్తాం. నెలలు నిండక ముందు పోయిన పిండాన్ని దవాఖానాల్లో పసుపు సంచిలో వైద్య వ్యర్థాల కింద పంపే పద్ధతి ఉంది. "మాకు ఇవ్వండి, మేం దఫన్ చేసుకుంటాం" అని ముందే డాక్టరుకు చెప్పాలి. తర్వాత వెతుక్కుంటే దొరకదు.

వెంటిలేటర్ మీద మనిషి

అన్నిటికంటే కష్టమైన సంతకం ఇక్కడే. బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి ఇరవై ఏళ్ల కుర్రాడు హైదరాబాద్‌లో వెంటిలేటర్ మీద ఉన్నాడనుకోండి. డాక్టర్లు "బ్రెయిన్ డెత్" అంటారు. ఛాతీ కదులుతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. చనిపోయాడంటే తల్లి ఎలా నమ్ముతుంది?

1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్‌ను ఒక్క డాక్టరు చెప్తే కుదరదు. నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి రాయాలి. ఆ కాగితాలు చూపించమని అడగొచ్చు. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమాలో ఉన్నవాళ్లు లేచే అవకాశం ఉంది. బ్రెయిన్ డెత్‌లో మెదడు మొత్తం, శ్వాస నడిపే కాండంతో సహా, తిరిగి రాకుండా ఆగిపోతుంది.

దీని మీద ఉలమాల మాట ఒక్కటి కాదు. అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్‌లో, మెదడు పూర్తిగా ఆగిపోయిందని నిపుణులు తేలిస్తే అది మరణమే, మెషిన్ తీయవచ్చు అన్నది. మక్కా ఫిఖ్ కౌన్సిల్ 1987లో, మెషిన్ తీయవచ్చు గానీ గుండె, శ్వాస ఆగిన తర్వాతే మరణం కింద లెక్క అన్నది. వారసత్వం, ఇద్దత్ లెక్కలు దాన్నిబట్టి మారతాయి. ఒక విషయంలో మాత్రం రెండూ కలుస్తాయి: ఆ స్థితిలో మెషిన్ తీయడం హత్య కాదు.

అవయవదానం సంగతి కూడా అంతే. తెలుగు రాష్ట్రాల్లో 2013 నుంచి జీవన్‌దాన్ పథకం నడుస్తోంది, తెలంగాణలో దాని కేంద్రం నిమ్స్‌లో ఉంది. అమ్మకం లేకుండా, షరతులతో అవయవ మార్పిడి జాయిజ్ అని 1988లో జిద్దా తీర్మానం. అరబ్ దేశాల్లో చాలామంది ఉలమాలు అదే దారిలో ఉన్నారు. మన ఉపఖండంలో ముఫ్తీ మహమ్మద్ షఫీలాంటి పెద్దలు ఒప్పుకోలేదు. ఒళ్లు మనది కాదు, అల్లాహ్ అమానత్, దాన్ని దానం చేసే హక్కు మనకు లేదన్నది వాళ్ల వాదన. ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ స్థాపించిన ఇండియా ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1989 నాటి సెమినార్లలోనే దీన్ని చర్చకు పెట్టింది. బతికున్నప్పుడు బంధువుకు ప్రాణం నిలపడానికి కిడ్నీ ఇవ్వడాన్ని షరతులతో ఒప్పుకుంది. చనిపోయాక అవయవాలు తీసుకోమని చేసే వసియ్యత్‌ను ఒప్పుకోలేదు.

అవయవదానానికి ఇంటివాళ్ల ఒప్పుకోలు తప్పనిసరి. "ఇవ్వం" అన్నా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకూడదు. "ఇస్తాం" అన్న ముస్లిం కుటుంబాన్ని కాఫిర్‌లా చూడటం కూడా తప్పే, వాళ్ల వెనుక కూడా ఉలమాలు ఉన్నారు.

బ్రెయిన్ డెత్ కాకుండా, క్యాన్సర్ ఆఖరి దశలాంటివి ఇంకో రకం. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం హరామ్, ఇందులో తేడా లేదు. చట్టం కూడా ఒప్పుకోదు. పనిచేయని వైద్యం ఆపడం మాత్రం వేరే సంగతి. ఔరంగజేబు కాలంలో కూర్చిన ఫతావా ఆలంగీరీలో హనఫీ ఫకీహ్‌లు ఒక తేడా చూపించారు. ఆకలికి అన్నం, దాహానికి నీళ్లు కచ్చితంగా పనిచేసే సాధనాలు, అవి మానేసి చస్తే పాపం. మందు పనిచేయొచ్చు, చేయకపోవచ్చు, దాన్ని మానేసి చనిపోతే పాపం అంటలేం. అందుకే ఫలితం లేని వెంటిలేటర్ వద్దనుకోవచ్చు. నోటికి నీళ్లు, ఒంటికి శుభ్రత, నొప్పికి మందు మాత్రం చివరి దాకా ఆపకూడదు.

సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పులో ఇదే దారి ఉంది. మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడే "ఆశలేని స్థితిలో నన్ను మెషిన్ల మీద పెట్టొద్దు" అని ఇద్దరు సాక్షులతో రాసుకోవచ్చు. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేశారు, ఇప్పుడు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు చేస్తే చాలు. అలా రాయకపోయినా రెండు మెడికల్ బోర్డులు చూసి, ఇంటివాళ్లు ఒప్పుకుంటే వైద్యం ఆపవచ్చు.

నొప్పికి ఇచ్చే మార్ఫిన్ నషా కాదా అని అడుగుతారు. డాక్టరు చేతిలో, నొప్పి తగ్గడానికి ఇచ్చేది నషా కింద రాదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ ఉపశమన వైద్యం దొరుకుతుంది. జిల్లాల్లో కూడా పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి.

ఒక మాట మాత్రం మనం ఒప్పుకోవాలి. చాలా ఇళ్లు మెషిన్ తీయించేది ఆశ లేక కాదు, డబ్బు లేక. బతికే అవకాశం ఉన్న మనిషి బిల్లు కట్టలేక ఇంటికి వస్తే ఆ బాధ్యత ఆ ఇంటిదొక్కటే కాదు. మన జమాత్ మొత్తానిది.

డబ్బు లెక్క

కామర్స్ చదివినవాణ్ని కాబట్టి ఈ లెక్క కాస్త వివరంగా చెప్తాను.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. అడ్మిషన్ రోజే ఆధార్, రేషన్ కార్డు తీసుకుని ఆరోగ్యమిత్రను కలవండి. వడ్డీకి అప్పు తెచ్చేముందు ఈ దారి పూర్తిగా చూడండి.

పేద రోగికి జకాత్ ఇవ్వొచ్చు. హనఫీ పద్ధతిలో ఆ డబ్బు రోగి సొంతం కావాలి. ఆయన చేతికివ్వాలి, లేదా ఆయన అనుమతితో ఆయన తరఫున బిల్లు కట్టాలి. కన్న తల్లిదండ్రులకు, పిల్లలకు, భార్యకు జకాత్ చెల్లదు, వాళ్ల వైద్యం మన బాధ్యతే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పేదవాళ్లయితే ఇవ్వొచ్చు.

మరణశయ్య మీద ఉన్న మనిషి ఇచ్చే హిబా, అంటే దానం, మామూలు హిబా కాదు. దీన్ని మర్జుల్ మౌత్ అంటారు, మన కోర్టులు కూడా ఈ నియమం పాటిస్తాయి. దఫన్ ఖర్చు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు దాకే అది చెల్లుతుంది. వారసుల్లో ఒకరికే రాసిస్తే మిగతావాళ్లు ఒప్పుకోవాలి. దవాఖానా మంచం మీద అబ్బా వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకున్న కొడుకు, షరీఅత్‌లోనూ చట్టంలోనూ చిక్కులో పడతాడు.

ఆఖరి ఘడియలు, ఆ తర్వాత

ప్రాణం పోయే టైంలో పక్కన ఒకరు మెల్లగా కలిమా చదవాలి. రోగిని "చదువు, చదువు" అని ఒత్తిడి చేయకూడదు. ఐసీయూలో ఇరవైమంది దూరితే మిగతా రోగులకు ఇబ్బంది. "ఒక్కరం ఐదు నిమిషాలు కూర్చుంటాం" అని అడిగితే ఎక్కువమంది డాక్టర్లు కాదనరు. ప్రాణం పోయాక కళ్లు మూసి, దవడ కట్టి, కాళ్లూ చేతులూ సరిచేయాలి. పైపులు, సూదులు తీసి రక్తం కారకుండా ప్లాస్టర్ వేయమని సిస్టర్‌ను అడగండి. గుస్ల్ చేసేవాళ్లకు సులువవుతుంది. బిల్లు బాకీ ఉందని జనాజాను ఆపే హక్కు ఆసుపత్రికి లేదని రోగుల హక్కుల పత్రం చెప్తోంది.

యాక్సిడెంట్, పురుగుమందు, పాముకాటు, ఫ్యాక్టరీలో ప్రమాదం ఇవన్నీ పోలీసు కేసులు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పంచనామా చేస్తారు, పోస్టుమార్టం దాకా పోతుంది. మయ్యత్ ఎముక విరిస్తే బతికున్నవాడి ఎముక విరిచినట్టేనని హదీసు ఉంది కాబట్టి మనవాళ్లకు ఇది చాలా బాధ. అయినా చట్టం తప్పనిసరి చేసినచోట, హక్కులు తేల్చాల్సినచోట చాలామంది ఉలమాలు జరూరత్ కింద ఒప్పుకున్నారు. సిమెంట్ ఫ్యాక్టరీలున్న మా మఠంపల్లి, మేళ్లచెరువు వైపు ఇది ఇంకా ముఖ్యం. పైరవీ చేసి పోస్టుమార్టం తప్పిస్తే తర్వాత బీమా, నష్టపరిహారం కోసం వెళ్లినప్పుడు కాగితం ఉండదు. నష్టపోయేది యతీమ్ పిల్లలు.

"రాత్రి అయింది, రేపు పొద్దున" అంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. వెలుతురు, సౌకర్యాలు ఉన్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్రం 2021 నవంబర్‌లో చెప్పింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానాస్పద కేసుల్లో మాత్రం శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప రాత్రి చేయరు. మామూలు రోడ్డు ప్రమాదమైతే సూపరింటెండెంట్‌ను మర్యాదగా అడగండి. పోలీసుల కాగితాలు త్వరగా వచ్చేలా ఇంట్లో ఒకరు స్టేషన్‌లో, ఒకరు దవాఖానాలో ఉంటే సగం ఆలస్యం తగ్గుతుంది.

ఈ జుమా తర్వాత ఇంట్లో కూర్చుని

ఇవన్నీ ఒక్కసారి గుర్తుండవు. కాబట్టి అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజునే ఈ ఐదు పనులు చేసిపెట్టుకోండి.

1. పెద్దవాళ్లను అడగండి: "మీకు మాట్లాడే శక్తి లేకపోతే మీ తరఫున ఎవరు నిర్ణయించాలి?" ఆ ఒక్క పేరు అందరికీ తెలియాలి.
2. ఆశలేని స్థితిలో వెంటిలేటర్, అవయవదానం విషయంలో వాళ్ల మాట ఏమిటో ఆలిమ్‌ను అడిగి, రాసి పెట్టండి.
3. ఎవరికెంత బాకీ, ఎవరి నుంచి ఎంత రావాలి, వసియ్యత్ ఏమిటి అన్నవి ఒక నోటుబుక్‌లో ఉండాలి.
4. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ ఒకే కవరులో పెట్టండి.
5. రాత్రి రెండింటికి ఫోన్ చేసినా ఎత్తే ఒక ముఫ్తీ నంబరు, ఒక డాక్టరు నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

చావు గురించి మాట్లాడితే అపశకునం అని మన ఇళ్లలో కొందరు నోరు మూయిస్తారు. వసియ్యత్ చేయాల్సింది ఉన్న ముస్లిం దాన్ని రాయకుండా రెండు రాత్రులు కూడా గడపకూడదన్న హదీసు వాళ్లకు గుర్తు చేయండి. అల్లాహ్ అందరికీ సెహత్, ఆఫియత్ ఇవ్వాలి. జబ్బు వచ్చిననాడు మాత్రం మన తరఫున సంతకం పెట్టేవాడికి మన మాట ముందే తెలిసి ఉండాలి.